శుక్రవారం చివరి పీరియడు

జూలై 6

పెద్దమ్మా,

నీ కంటి ఆపరేషను బాగా జరిగిందని అమ్మ రాసింది. ఫోను చేద్దామనే అనుకున్నాను. హాస్టల్లో ఫోను వార్డెను బల్ల మీద ఉంటుంది. ఎవరు మాట్లాడుతున్నా ఆవిడ అల్లిక ఆపి వింటుంది. పైగా ఫోనులో నాకు మాట పెగలదని నీకు తెలిసిందే. పోయినసారి నువ్వు "లైన్లో ఉన్నావా, ఎవరైనా ఎత్తుకుపోయారా" అని అడిగావు. అందుకే ఉత్తరం. నువ్వు మాత్రం చదవొద్దు, ఎవరిచేతనైనా చదివించుకో.

నా గది చిన్నది. రెండు మంచాలు, ఒక అలమర, స్కూలు వైపు తెరుచుకునే కిటికీ. ఇంకో మంచం ఒక నర్సుది. ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను వెళ్ళిపోతాను. నెల రోజుల్లో మేం ఒకరికొకరు రాసుకున్న చీటీలే ఎక్కువ.

నాకు ఐదో తరగతి ఇచ్చారు. నలభై ఒక్కమంది ఆడపిల్లలు. మొదటి వారం నా గొంతు రెండో వరస దాటలేదు. అప్పుడొక పద్ధతి ఆలోచించాను. ఆఖరి పీరియడులో బోర్డు మీద ఉన్నది అందరూ రాసుకోవడం అయ్యాకే అందరూ ఆటకి వెళ్ళాలి. ముందు రాసేసినవాళ్ళు మిగతావాళ్ళ కోసం కూర్చోవాలి. ఒకరికోసం ఒకరు ఆగడం నేర్చుకుంటారని నా ఉద్దేశం. ఇప్పుడు క్లాసు చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. పెద్ద టీచరుగారు కిటికీలోంచి చూసి తల ఊపి వెళ్ళారు. ఒక పిల్ల చాలా నెమ్మదిగా రాస్తుంది. పిల్లలు ఆమెని నత్త అంటారు. చిన్నపిల్లలు కదా, పేర్లు పెట్టుకుంటారు.

అమ్మ నీకు మా స్కూలు పత్రిక పంపిందట. కొత్తగా చేరినవాళ్ళు టీచరు ఎందుకయ్యామో ఒక పేజీ రాయాలన్నారు, రాశాను. ప్రత్యేకించి చదివించుకోవలసినంత గొప్పదేమీ కాదు. కళ్ళు జాగ్రత్త.

అక్కని అడిగానని చెప్పు.

నీ
పంతులమ్మ


జూలై 19

ఒసేయ్ పంతులమ్మా,

నేను చెబుతుంటే రాయిస్తున్నాను. తప్పులుంటే నావి కావు, ఒప్పులు మాత్రం అన్నీ నావే. డాక్టరు మూడు నెలలు చదవొద్దు, రాయొద్దు, సూదిలో దారం ఎక్కించొద్దు అన్నాడు. రెండో కన్ను వచ్చే నెలట. ఇంకేం చెయ్యనయ్యా అంటే విశ్రాంతి అన్నాడు. పాతికేళ్ళుగా కుట్టుమిషను తొక్కుతున్నదాన్ని. ఊరికే కూర్చున్నా కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

నల్లద్దాలు పెట్టుకుని షాపులో కూర్చుంటే దొంగలముఠా నాయకురాలిలా ఉన్నానట. అన్నది నా కూతురే, నీ అక్క. కత్తిరింపంతా ఇప్పుడు అదే చూస్తోంది. గుడ్డ ముట్టుకోబోతే స్కేలు అడ్డం పెడుతుంది. కాగితాలు ఎగరకుండా బరువుకి పెట్టుకునే చెక్కముక్క ఒకటుంది దానికి, ఎప్పట్నించో అదే. మొన్న దాంతో వీపు గోక్కున్నానని పెద్ద గొడవ. కాజాలు కుట్టే ఆవిడ పక్కనే కూర్చుని ఇదంతా వింటూ నవ్వుతోంది. నవ్వమను, కాజా వంకర పోతే తెలుస్తుంది.

నీ పేజీ చదివించుకున్నాను. రెండుసార్లు. గొప్పది కాదని ఎందుకే అంటావు? ఇంటిభాషలో ఒక్కమాట దొర్లితే చేతికి చెక్కబిళ్ళ ఇస్తారనీ, అది ఉన్నవాళ్ళు మరొకర్ని పట్టుకుని అంటగట్టాలనీ, ఆఖరి గంటకి ఎవరి దగ్గరుంటే వాళ్ళు మోకాళ్ళ మీద ఉండాలనీ రాశావు. అంతా కలిసి రోజూ ఒక్క పిల్లకే అంటగట్టేవారనీ, కాలు తొక్కి "అమ్మా" అనిపించేవారనీ, చివరికి ఆ పిల్లకి బిళ్ళ అనే పేరు పెట్టేశారనీ. నువ్వు వెనక బెంచీలోంచి చూసి, పెద్దయ్యాక టీచరునై ఇట్లాంటివి ఆపుతాననుకున్నావనీ.

మీ కాన్వెంటులో ఇంత జరిగేదా? నీ అక్క రెండేళ్ళు అదే క్లాసులో ఉంది, ఒక్కనాడూ చెప్పలేదు. ఎవరే ఆ పిల్ల అని అడిగితే "యాభైమందిలో ఎవరని గుర్తుంటుంది" అంది. దానికి మొదట్నించీ చదువు ధ్యాస లేదులే.

నాకు ఆ పిల్ల కంటే ఆ పిల్ల తల్లి మీద మండుతోంది. కూతురు రోజూ మోకాళ్ళు గీరుకుని ఇంటికొస్తే కనబడలేదా? నాకంటే ఇప్పుడు కళ్ళకి ఆపరేషను. ఆవిడకేం రోగం?

ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో కనుక్కో. కనుక్కుని నీ పేజీ పంపు. నాకోసం ఒకళ్ళు ఇంత బాధపడ్డారని తెలిస్తే ప్రాణం లేచొస్తుంది.

మీ
పెద్దమ్మ


ఆగస్టు 2

పెద్దమ్మా,

ఉత్తరం అందింది. రాసిపెట్టిన కాజాల ఆవిడకి నా తరఫున థాంక్సు చెప్పు. ఎంత బాగుందో ఆమె చేతిరాత, గుండ్రంగా, వరస తప్పకుండా. ఒకచోట మాత్రం పెన్ను మారినట్టుంది.

ఆ పిల్ల సంగతి. ఎక్కడుందో నాకు తెలియదు. చాలా ఏళ్ళయింది కదా. ఆ తల్లిని ఏమీ అనకు పెద్దమ్మా. పిల్లలు ఇంట్లో చెప్పరు.

పత్రిక విషయం ఇక వదిలెయ్యి. ఇక్కడ అది నా ప్రాణం మీదికి వచ్చింది. తల్లిదండ్రుల సమావేశంలో పెద్ద టీచరుగారు ఆ పేజీ పైకి చదివారు. నన్ను లేచి నిలబడమన్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక తండ్రి వచ్చి "మా అమ్మాయి మీ క్లాసులో ఉన్నందుకు నిశ్చింతగా ఉంది" అన్నాడు. ఆయన కూతురే క్లాసులో నత్త కోసం అంకెలు లెక్కపెట్టించేది.

అది చెప్పలేదు కదూ. నత్త రాస్తున్నంతసేపూ మిగతా నలభైమంది చేతులు కట్టుకుని ఆమెకేసి చూస్తారు. ఈమధ్య లోగొంతుకతో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నారు. నేను చూస్తే ఆపుతారు. బోర్డు వైపు తిరిగితే మళ్ళీ మొదలు. నిన్న మూడువందల పన్నెండు దాకా వెళ్ళింది. గట్టిగా కోప్పడాలని నోరు తెరిచాను. "మిస్, మేం లెక్కలు ప్రాక్టీసు చేస్తున్నాం" అంది ఆయన కూతురు. అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చినట్టు మొహం పెట్టాను. ఎందుకు అలా పెట్టానో తెలియదు.

నత్త మాత్రం తల ఎత్తలేదు. నాలుక చివర పళ్ళమధ్య పెట్టుకుని రాస్తూనే ఉంది.

రెండో కన్ను ఎప్పుడు? అమ్మ వస్తానంటోంది.

నీ
పంతులమ్మ


ఆగస్టు 16

పంతులమ్మా,

రెండో కన్ను కూడా కోయించుకున్నాను. ఇప్పుడు రెండింటికీ పహరా. మీ అమ్మ వచ్చి నాలుగు రోజులుండి, నా అలమర సర్ది, ఏదెక్కడుందో నాకు దొరక్కుండా చేసి వెళ్ళింది.

కాజాల ఆవిడ చేతిరాత బాగుందన్నావని చదివితే షాపులో ఒకటే నవ్వు. ఆవిడైతే ఉబ్బిపోయింది. అది సరేగానీ, నీకీ సిగ్గేమిటే? మంచిపని చేసినవాళ్ళు తల వంచుకోవడం నీ దగ్గరే చూశాను. చిన్నప్పుడూ అంతే. బహుమతి వచ్చిన రోజున ఇంటికొచ్చి తలుపు వెనక దాక్కున్నావు. గుర్తుందా, పుస్తకాలు చదివినందుకు పెద్ద ఎర్రట్ట పుస్తకం ఇచ్చారు? సరిగ్గా ఆ సోమవారమే నీ అక్క కడుపునొప్పని బడికి వెళ్ళనంది. ఆ తర్వాత ఇంక అసలు వెళ్ళనంది. కొట్టాను, బతిమాలాను. కుట్టు నేర్పమంది. ఒకరికి చదువు ఒంటబడుతుంది, ఒకరికి పడదు అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే దాని కత్తిరింపుకి నేనే చాలను. అయినా నీ పేజీ చదివించుకున్నప్పుడు ఒకటనిపించింది. ఆ బిళ్ళ పిల్లకి నువ్వున్నట్టు, నీ అక్కకి ఒక్క స్నేహితురాలు తోడుంటే చదివేదేమోనని.

షాపుకి వచ్చే ప్రతివాళ్ళకీ నీ పేజీ చూపిస్తున్నాను. కొలతలిచ్చేవాళ్ళు కదలకూడదు కదా, చచ్చినట్టు వింటారు.

అది సరే, ఆ నత్త పిల్ల సంగతి చూడు. నవ్వినట్టు మొహం పెట్టడమేమిటే? వెనక బెంచీ కాదిప్పుడు నీది. నీ అక్క నిన్న గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఆపి, "ఆ పిల్ల ఇంకా బడికి వస్తోందా అని అడుగు" అంది. అదెప్పుడూ నీ ఉత్తరాల గురించి ఏమీ అనదు. అందుకే రాయిస్తున్నాను. వస్తోందా?

మీ
పెద్దమ్మ


ఆగస్టు 30

పెద్దమ్మా,

ఈ ఉత్తరం అక్క షాపులో లేనప్పుడు చదివించుకో. కాజాల ఆవిడకి కూడా ఎవరితోనూ అనొద్దని చెప్పు. ఆమె ముఖం నేను చూడలేదు కనుక కొంత నయం.

ఆ బిళ్ళ పిల్ల ఎక్కడుందో నాకు తెలుసు. నీ ఎదురుగా ఉంది. గుడ్డ కత్తిరిస్తోంది.

మీరు మా ఊరికి మారి, అక్క మా క్లాసులో చేరిన మొదటి రోజు, గేటు దగ్గర నేను ఆమెకొకటి చెప్పాను. "స్కూల్లో నన్ను చెల్లీ అనకు. మనం చుట్టాలమని చెప్పకు." ఎందుకని అడగలేదు. అక్కకి ఇంగ్లీషు సరిగా వచ్చేది కాదు, చెప్పులు వేరే రకం. నాకు పదకొండేళ్ళు. కారణాలు అంతే. రెండేళ్ళూ ఆమె ఆ మాట నిలబెట్టుకుంది.

పత్రికలో రాసినవన్నీ నిజంగా జరిగాయి. నేను వెనక బెంచీలో ఉన్నదీ నిజమే. రాయనిది ఒకటుంది.

ఆఖరి వారం అక్క అసలు మాట్లాడలేదు. సోమవారం నుంచి ఏ భాషలోనూ నోరు విప్పలేదు. టీచరు అడిగితే తల ఊపేది. బయటికి వెళ్ళడానికి అనుమతి అడగాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసింది. కాలు తొక్కితే పెదవి కొరుక్కుంది. నాలుగు రోజులు బిళ్ళ ఆమె దగ్గరికి రాలేదు. క్లాసు చికాకు పడింది. శుక్రవారం మధ్యాహ్నం నేను ఏదో చదువుకుంటూ "అయ్యో" అన్నాను. పక్కమ్మాయి విన్నది. బిళ్ళ నా చేతికి వచ్చింది.

శుక్రవారం ఆఖరి గంటకి బిళ్ళ ఎవరి దగ్గరుంటే సోమవారం ప్రార్థనలో అందరిముందూ వాళ్ళ పేరు చదివేవారు. అదే సోమవారం, అదే ప్రార్థనలో నాకు ఎర్రట్ట పుస్తకం ఇవ్వబోతున్నారు. బొమ్మల పీరియడు. ఐదు నిమిషాలుంది. పెన్సిలు చెక్కుకునే వంకతో లేచాను. ఎవరిని పట్టుకోవాలా అని చూడలేదు. తిన్నగా అక్క బెంచీ దగ్గరికే వెళ్ళాను. వంగి, చెవి దగ్గర, "అక్కా" అన్నాను.

స్కూల్లో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆమె ముఖం ఎత్తింది. ఆ ముఖం ఎలా ఉందో రాయలేను. "ఏం చెల్లీ" అంది.

బిళ్ళ ఆమె అరచేతిలో పెట్టాను.

క్లాసంతా చప్పట్లు కొట్టారు. నాకోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. సోమవారం పుస్తకం ఇచ్చినప్పుడు కూడా కొట్టారు, కాని శుక్రవారం కొట్టినంత గట్టిగా కాదు. అక్క రాలేదు. బిళ్ళా రాలేదు, ఆమెతోనే వెళ్ళిపోయింది. వడ్రంగి కొత్తది చెయ్యడానికి వారం పట్టింది. ఆ వారం క్లాసు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నువ్వు మా ఇంటికొచ్చి చదువు ఒంటబట్టడం లేదని అమ్మతో చెప్పి ఏడ్చావు. నేను తలుపు వెనక ఎర్రట్ట పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు. టీచరునవ్వాలని అనుకున్నది అక్కడే. పత్రికలో రాసినట్టు ఎవరినో కాపాడదామని కాదు. ఎప్పటికైనా ఆ క్లాసులోకి మళ్ళీ వెళ్ళి, ఈసారి వేరేగా ఉందామని. ఎనిమిదేళ్ళు చదివి వెళ్ళాను. వేరేగా లేను. నత్త నాలుగు రోజులుగా బడికి రావడం లేదు.

ఆ తల్లికి ఏ రోగమూ లేదు పెద్దమ్మా. రోగం నాది. నన్ను ఏమన్నా అను. చెప్పకుండా ఇంక ఉండలేకపోయాను.

నేను


సెప్టెంబరు 10

చెల్లీ,

ఇలా పిలవాలా వద్దా అని ఇక్కడ కాసేపు ఆగాను. ఇది స్కూలు కాదు కనుక పిలుస్తున్నాను.

కాజాల ఆవిడకి చదవడం, రాయడం రావు. మొదటి ఉత్తరం నుంచీ అమ్మకి చదివిందీ, అమ్మ చెబుతుంటే రాసిందీ నేనే. నువ్వు ఆవిడ అనుకున్నావు, అమ్మకి అది పెద్ద తమాషా అయింది. కాదని రాయొద్దు, దీపావళి బాంబులా దాచి ఉంచుదాం అని మురిసిపోయింది. నేనూ ఊరుకున్నాను. నా చేతిరాత నీకు తెలియకపోవడంలో వింతేం లేదు. ఆ స్కూల్లో ఇంటిభాషలో ఒక్క అక్షరం రాయనిచ్చారా మనని?

పెన్ను మారిందన్నావు, సరిగ్గానే కనిపెట్టావు. "ఆవిడకేం రోగం" అని అమ్మ అన్నప్పుడు చెయ్యి ఆగింది. "ఏం, ఇంకు అయిపోయిందా" అంది. అయిపోయిందన్నాను. లేచి వేరే పెన్ను తెచ్చుకున్నాను.

నీ ఉత్తరం అమ్మకి చదవలేదు. చదవను. మొదటి రెండు వాక్యాలు లోపల చదువుకుని, పైకి నీకు జలుబు చేసిందని చెప్పాను. ఇప్పుడు నీకు జలుబు, గుర్తుపెట్టుకో. అమ్మ దాని గురించి నీకో పేజీ రాయిస్తుంది.

నువ్వు అమ్మకి చెప్పేసి తేలికపడదామనుకున్నావు. ఆ తల్లి ఎవరో తెలిశాక అమ్మ ఏమవుతుందని ఆలోచించలేదు. రెండు నెలలుగా షాపుకి వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఆవిడ ఆ తల్లిని తిడుతోంది. డాక్టరు కళ్ళలో నీళ్ళు రానివ్వొద్దన్నాడు. రానివ్వొచ్చని అన్నా నేను చదవను. మోకాళ్ళు ఆవిడ చూడకుండా గౌను రెండంగుళాలు పొడుగు చేసుకున్నాను. నేను మొదట కుట్టింది అదే. అంత కష్టపడి దాచింది నువ్వు ఒక ఉత్తరంతో బయటపెట్టడానికి కాదు.

కోపముందా అంటే ఉంది. ఆ వారం నేను పందెం వేసుకున్నాను, నాతో నేనే. శుక్రవారం దాకా బిళ్ళ రాకపోతే ఈ స్కూల్లో ఉంటాను, వస్తే మానేస్తాను అని. ఇంకో ఐదు నిమిషాలుందనగా ఓడిపోయాను. అయితే నీవల్ల నా బతుకు పాడైందని అనుకోకు, అంత గొప్ప చెయ్యి కాదు నీది. నోరు తెరవక్కర్లేని పని అని కుట్టులోకి వచ్చాను, తర్వాత నచ్చి ఉండిపోయాను. బిళ్ళ నా దగ్గరే ఉంది. అమ్మ వీపు గోక్కున్నది దాంతోనే. పంపను. కాగితాలు ఎగరకుండా బాగా పనికొస్తోంది.

మనసులో ఉన్నది రాస్తాను. బిళ్ళ పెట్టినందుకు కంటే, పత్రికలో "మా క్లాసులో ఒక అమ్మాయి" అని రాసినందుకు ఎక్కువ బాధేసింది. గేటు దగ్గర చెప్పినట్టే మళ్ళీ చెప్పావు. అది నేనే అమ్మకి రెండుసార్లు పైకి చదివాను.

ఇంకొకటి. అందరూ రాయడం అయ్యాకే ఆట అన్న రూలు ఎవరు పెట్టారు? నువ్వు రాసింది మళ్ళీ తీసి చదివాను. నువ్వే. ఆ పిల్లని ఎవరో ఏడిపిస్తుంటే నువ్వు చూస్తున్నట్టు రాస్తున్నావు. బిళ్ళ కనిపెట్టినవాళ్ళు కూడా మన మంచికే అనుకుని ఉంటారు. నలభైమంది చేతిలోనూ ఆ పిల్లని పెట్టింది నువ్వు.

నాకు జవాబు రాసే ముందు ఆ పిల్ల ఇంటికి వెళ్ళు.

అక్క


సెప్టెంబరు 25

అక్కా,

రెండు కాగితాలు పంపుతున్నాను. ఇది నీకు. రెండోది పెద్దమ్మకి పైకి చదవడానికి.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో విప్పాను. మొదటి మాట చదివి మడిచేసి, సాయంత్రం దాకా సంచిలోనే ఉంచాను. మిగతాది హాస్టల్లో చదివాను. నర్సు లేచి ఉంది. ఏమైందని అడగలేదు, తన దుప్పటి తెచ్చి నా మీద కప్పింది. నాకు జలుబనుకుందేమో.

రూలు నేనే పెట్టానని నాకు నిజంగా తట్టలేదు. ఇది సమర్థించుకోవడానికి రాయడం లేదు. ఎనిమిదేళ్ళుగా అదొక్కటే తలుచుకుంటున్న మనిషికి తట్టకపోవడం ఎలా అని రాస్తున్నాను.

నత్త ఇంటికి శనివారం వెళ్ళాను. ఆమెని ఇక నత్త అని రాయను. ఆ అమ్మాయి ఇల్లు బట్టల ఇస్త్రీ దుకాణం వెనక రెండు గదులు. తల్లి ఇస్త్రీ చేస్తోంది. "మూడు వారాలవుతోంది మిస్, కడుపునొప్పంటోంది" అంది. ఆ మాట వినగానే గుమ్మం పట్టుకున్నాను. అవునా, జాగ్రత్త, అనేసి వచ్చేయవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. "కడుపునొప్పి కాదండి" అన్నాను. నేను పెట్టిన రూలు సంగతి చెప్పాను. లెక్కపెట్టడం చెప్పాను. నేను నవ్విన సంగతి చెప్పాను.

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కకి నిలబెట్టింది.  తర్వాత, "సమావేశంలో మీరేనా లేచి నిలబడింది" అని అడిగింది. నేనేనన్నాను. "ఆ రోజు మా అదృష్టమనుకున్నాను" అంది. కుర్చీ వెయ్యలేదు. వెయ్యకపోవడమే న్యాయం. ఆ అమ్మాయి తలుపు సందులోంచి నన్ను చూస్తూ ఉంది.

గురువారం వచ్చింది. రూలు అప్పటికే తీసేశాను. పిల్లలకి మనిద్దరి సంగతి చెప్పాను, ఒక అమ్మాయి అని కాదు, మా అక్క అని. గొంతు మొదటి వరసకే సరిపోయింది. వెనకవాళ్ళు లేచి ముందుకొచ్చి నేలమీద కూర్చున్నారు. అంకెలు లెక్కపెట్టించిన అమ్మాయి "మరి మీరు మీ అక్కకి సారీ చెప్పారా మిస్" అంది. ఇంకా లేదన్నాను. "ఇన్నేళ్ళా" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

అంతా బాగైపోయిందని రాయలేను. ఇప్పుడు ఎవరికి పూర్తయితే వాళ్ళు వెళ్ళవచ్చు. అయినా ఆ అమ్మాయి ముందుగా రాసేసిన రోజున కూడా అందరూ వెళ్ళేదాకా కూర్చునే ఉంటుంది. ఒక్కసారి మాత్రం నన్ను చూసి పుస్తకం మూసింది.

పెద్ద టీచరుగారి దగ్గరికి వెళ్ళి ఆ పేజీలో రాయనిది చెప్పాను. "చదివినవాళ్ళంతా మెచ్చుకున్నాక ఇప్పుడెందుకమ్మా" అన్నారు. వచ్చే సంచికలో సరిచేసి రాస్తానని అడగాలని వెళ్ళాను. గుమ్మంలో గుర్తొచ్చింది, వేస్తే పెద్దమ్మ చదువుతుంది. ఒప్పుకోవడానికి కూడా నాకు దారి లేకుండా చేసుకున్నాను. ఇకమీదట ఎక్కడా పైకి చదవొద్దని మాత్రం అడిగి వచ్చాను.

అక్కా, ఆ రోజు పిలిచిన పిలుపు వెనక్కి తీసుకోలేను. ఇది రెండో పిలుపు. చేతిలో ఏమీ లేదు. క్షమించమని అడగడానికి ఇంకా మొహం చెల్లడం లేదు, అది అబద్ధమాడకుండా రాస్తున్నాను.

నీ చేతిరాత ఇక ఎక్కడున్నా గుర్తుపడతాను.

చెల్లి


పెద్దమ్మా,

జలుబు తగ్గింది. నువ్వు రాయించిన చిట్కాలు ఎనిమిదీ చేశాను, దేనికి తగ్గిందో తెలియదు. నీ అద్దాలు తీసేశారని అమ్మ రాసింది. దొంగలముఠా ఇప్పుడు ఎవరి ఆధ్వర్యంలో ఉంది?

నువ్వు పదేపదే అడుగుతున్నావు కదా, ఆ బిళ్ళ పిల్ల దొరికింది. బాగుంది. తన పని తను నేర్చుకుని, తన కాళ్ళ మీద నిలబడింది. నాకంటే గట్టి మనిషి. నా పేజీ ఆమె ముందే చదివిందట. అందులో నేను కొన్ని వదిలేశానని చెప్పింది. నిజమే, వదిలేశాను. ఆ పిల్లకి నేను తోడున్నానని నువ్వు రాయించావు చూడు, అది తప్పు పెద్దమ్మా. నేను తోడు లేను. షాపులో అందరికీ చెబుతున్నావట, ఇక ఆ పేజీ చూపించకు.

వాళ్ళమ్మ గురించి కూడా అడిగాను. ఆవిడకి ఏ రోగమూ లేదట. తెలిస్తే స్కూలు మీదికి కత్తెర పట్టుకుని వచ్చేదట. తెలియకూడదని ఆ పిల్లే గౌను పొడుగు చేసుకుని దాచిందట. చూడకపోవడం ఆవిడ తప్పు కాదు, అంత చక్కగా కుట్టింది మరి.

ఆవిడని ఇంక తిట్టకు.

ఈ ఉత్తరం చదివిపెడుతున్నవాళ్ళు ఇక్కడ కాస్త ఆగితే, తొందరపెట్టకు పెద్దమ్మా. ఆగనివ్వు.

నీ
పంతులమ్మ